కావాలని చేయలేదంటే సరిపోదు, అల్లుడూ

అల్లుడూ, వందనాలు.

బాప్తిస్మం తీసుకున్నాను కదా మామా, ఇక ఊళ్లో మంచి సాక్ష్యంతో ఎట్లా బతకాలి అని మొన్న ఫోన్‌లో అడిగావు. పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నావు. నువ్వు వరి గట్ల మీద కొట్టిన గడ్డిమందు గాలికి పోయి పక్కాయన చేనులో పత్తి ఆకులు ముడుచుకుపోయాయని, ఆయన మాట్లాడటం మానేశాడని, "నేనేమన్నా కావాలని చేశానా" అని. నాకు ఆ రెండో మాటే ముఖ్యం అనిపించింది.

నిర్గమకాండము 21వ అధ్యాయం 33, 34 వచనాలు తీసి చదువు. ఒకడు గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, గొయ్యి ఎవరిదో వాడే సొమ్ము కట్టాలి. వాడికి ఆ ఎద్దు మీద పగ ఉందా అని ఎవరూ అడగరు. ఆ టైంలో వాడు ఇంట్లో అన్నం తింటూ ఉండొచ్చు, అయినా బాధ్యత వాడిదే. మన నల్గొండ వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? బత్తాయి తోట ఎండుతుంటే రాతినేలలో బోరు మీద బోరు వేస్తాం, నీళ్లు పడకపోతే కేసింగ్ పైపు లాగి ఇంకో చోటికి తీసుకుపోతాం, మిగిలిన బొక్క మీద ఏ గోనెసంచో కప్పి రాయి పెట్టి వచ్చేస్తాం. పసిపిల్ల జారిపోవడానికి ఆ వెడల్పు చాలు. పనికిరాని బోర్లను అడుగు నుంచి పైదాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. బావ వేసి వదిలేసిన బోరు ఒకటి చెలక చివర ఉంది కదా, అది ఇప్పుడు నీది. మూత పెట్టడం కాదు, పూడ్చు.

కూలి సంగతి కూడా ఇంతే. పత్తి ఏరిన సాయంత్రం చిల్లర లేదు, రేపు ఇస్తా అంటాం, మనకు అది చిన్న మాట. ఆమెకు ఆ రాత్రి కిరాణా కొట్లో ఉద్దెర, తెల్లారి పని వదులుకుని మళ్లీ మన గడప దాకా నడక. సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15లో ఉంది, ఎందుకంటే అతడు బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. పాలమూరు నుంచి వలసపోయినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు, పైసలు ఎగ్గొట్టిన మేస్త్రీలను తిట్టుకుంటూనే పెరిగాం, ఇప్పుడు అదే పని మనం కొంచెం చిన్నగా చేస్తున్నాం.

కల్లు గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తా. ఒక సీసా తాగితే నరకానికి పోతావని నేను అనను (అనే పెద్దలు ఉన్నారు, వాళ్లిష్టం). కానీ నీతో పాటు బాప్తిస్మం తీసుకున్న వాళ్లలో ఈ మధ్యే తాగుడు మానినతను ఉన్నాడు. అతను నిన్ను తాటివనంలో చూస్తే ఏమైతది? తన తిండి వల్ల సహోదరుడు తడబడేటట్టయితే మాంసమే ముట్టనన్నాడు పౌలు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో. మాంసం తప్పని కాదు, తనకేం కాదని తెలిసి కూడా.

ఇక చర్చి మైకు. తెల్లవారుజామున గట్టిగా దీవిస్తే అది శాపం కింద లెక్క అని సామెతలు 27:14లో సొలొమోను ఎప్పుడో రాసిపెట్టాడు. అయ్యగారితో నేను మాట్లాడతా, నువ్వు టెన్షన్ పడకు.

ఇప్పుడు పక్కాయన దగ్గరికి రా. మత్తయి 5:23, 24లో తప్పు నీదా ఆయనదా అని లేదు, నీ సహోదరునికి నీ మీద ఏమైనా విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడమని ఉంది. కాబట్టి ఆదివారం లోపలే పో. ఆయనతో కలిసి చేనంతా తిరుగు, ఎన్ని సాళ్లు పోయాయో ఇద్దరూ చూడండి, విత్తనం ఖర్చు, ఎరువుల ఖర్చు లెక్క కట్టి నువ్వే ముందు చెప్పు, బేరమాడకు. డబ్బు వద్దంటే పత్తి ఏరేటప్పుడు నువ్వే పోయి పనిచెయ్యి. ఇక ముందు మందు గాలి లేని పొద్దుటిపూట కొట్టు. పోయేటప్పుడు మాత్రం చేతిలో సువార్త కరపత్రాలు పెట్టుకుని పోకు.

మీ మామ