సంతకం పెట్టకముందే ఒక మాట

బిడ్డా,

పాటల కంపెనీల మోసం మీద నువ్వూ తమ్ముడూ కట్టి పంపిన పాట విన్న. గిటార్ మోత నాకు కొత్త కాదు, వరంగల్ ఎన్‌ఐటీల స్ప్రింగ్‌స్ప్రీ పండుగకు పిల్లల బ్యాండ్లు వాయిస్తుంటే మిక్సర్ దగ్గర నిలబడ్డోన్ని. మీ గొంతులల్ల కోపం నిజమైంది. అందుకే ఇంత రాస్తున్న.

పల్లవి నిండా దొంగలు, దోపిడీ అని తిట్లే ఉన్నయి. అవి ఎవలైనా రాస్తరు. పాటగాళ్లను ఎట్ల ముంచుతరో మీరు కండ్లార చూసిన్రు, అది మాత్రం పాటలకు రాలే. మన దిక్కు యూట్యూబ్ జానపదాలు పాడే ఆడపిల్లల సంగతి తెల్వదా? వంద రూపాయల బాండ్ పేపర్ ముందల పెడుతరు. ‘సర్వహక్కులు’ అన్న మాట కింద సంతకం, చేతిల ఒక కవరు. తర్వాత ఆ పాట ప్రతి బరాత్‌ల డీజే మీద మోగుతది, పాడినామెకు పైస రాదు. ఒక్కోసారి వీడియో కింద పేరు గూడ ఉండది. ఆ బాండ్ పేపర్‌ను పాటలకు తీస్కరాండ్రి.

ఇద్దరు పాడుతున్నరు గదా, ఇద్దరూ ఒకే మాట ఒర్రుడు ఎందుకు? నువ్వు పాడేటామెవు గా, వాడు కవరిచ్చేటోడు గానీ. డ్రమ్స్ ఆపి, ‘పేరొస్తది చెల్లే’ అని మెత్తగ పాడమను. మెత్తగ మాట్లాడేటోని దగ్గర్నే సంతకం పెడుతం గని తిట్టేటోని దగ్గర పెడుతమా? ఆ మీద నువ్వు గొంతెత్తు. కంపెనీల పేర్లు మాత్రం పెట్టొద్దు. నిజమే పాడినా పరువునష్టం కేసని కోర్టుకు తిరుగుడు మీకే.

ఇగ లేబులోళ్లు, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ వాళ్లు, మీ పాటను అడుగుతున్నరన్నవు. 2012ల కాపీరైట్ చట్టాన్ని సవరించిన్రు. సాహిత్యం, బాణీ చేసినోళ్లు హక్కులు రాసిచ్చినా రాయల్టీల, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే పైసలల్ల, సమాన వాటా వాళ్లకు ఉంటది. వదులుకున్నట్టు రాసుకున్నా అది చెల్లది. ఆ పైసలు వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్, దాంట్ల ఇద్దరూ సభ్యులు కాండ్రి. అగ్రిమెంటుల గడువు రాయకుంటే 5 ఏండ్లు, జాగ రాయకుంటే ఇండియా వరకే అని చట్టంలనే ఉన్నది. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాస్తరు. ఆ రెండు మాటలు కొట్టేసినంకనే కలం పట్టు.

రికార్డింగ్ మీద హక్కు వేరే, అది విడుదలైనంక 60 ఏండ్లు ఉంటది. పాట రికార్డు చేయించే పూచీ ఎవలు తీస్కుంటే ఆ హక్కు వాళ్లది. స్టూడియో ఖర్చు మేం పెడుతమని లేబులోళ్లు ప్రేమగ అంటరు, ఒప్పుకోవద్దు. పైసలు తక్కువైతే నేను సర్దుత. బిల్లు మీ పేరు మీదనే తీస్కోండ్రి, ట్రాకులన్నీ విడివిడిగ హార్డ్ డిస్కుల తెచ్చుకోండ్రి.

అక్కాతమ్ముళ్లమే గదా అని ఊకోవద్దు. సాహిత్యం నీది, బాణీ వానిది అని ఒక కాయితం రాసి ఇద్దరూ సంతకం చేయాలె. డ్రమ్స్ కొట్టిన పిల్లగానికి ఎంతిస్తరు? దాని మాట నీ ఉత్తరంల ఎక్కడా లేదు. ఇసొంటి పాటకు వాయించినోనికి బాకీ పెట్టుడు నేను ఒప్ప. విడుదలకు ముందే ఇయ్యాలె, పేరు గూడ వేయాలె.

లేబులోళ్ల కాయితం రాంగనే అన్ని పేజీలు ఫొటో తీసి పంపు. హన్మకొండ కోర్టుల మనకు తెలిసిన వకీలుకు చూపిస్త.

మీ పెద్దబాపు