హోగన్‌కి పదేళ్ళు పట్టింది, చిన్నా

చిన్నా,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను, దానికంటే ముందే మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. గోల్ఫ్‌లో ప్రొఫెషనల్ అయ్యి రెండేళ్ళయినా కట్ దాటింది, అంటే టోర్నమెంట్ మధ్యలో ఇంటికి పోకుండా చివరి రౌండ్లు ఆడింది, ఐదుసార్లేనని, దాచుకున్నదంతా ఎంట్రీ ఫీజులకీ హోటళ్ళకీ అయిపోయిందని, ఈసారి మళ్ళీ కోచ్‌ని మార్చి చూస్తానని, అదీ కుదరకపోతే ఉద్యోగం చూసుకుంటానని రాశావు. మానేయమని గానీ కొనసాగించమని గానీ నేను చెప్పను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్తాను.

ముప్పై ఏళ్ళుగా టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ పక్కనే ఉంటున్నాను, ఆదివారాలు పబ్లిక్ కోర్సులో పిల్లలకి నేర్పుతున్నాను. ఇక్కడ గోల్ఫ్ అంటే ఈ ఊళ్ళో పెరిగి ఛాంపియన్ అయిన బెన్ హోగన్. కలోనియల్ క్లబ్‌లో ఆయన విగ్రహం ఉంది, ఆ కోర్సులో టోర్నమెంట్ ఐదుసార్లు గెలిచాడు. నువ్వు ఆయన స్వింగ్ వీడియోలు వందసార్లు చూసుంటావు. అందరూ అదే చూస్తారు. నేను చూడమనేది ఆయన గెలవని రోజుల్ని.

1912లో పుట్టాడు. తండ్రి కమ్మరి, బెన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు తుపాకీతో కాల్చుకుని ప్రాణం తీసుకున్నాడు. ఇల్లు గడవక పిల్లాడు ఫోర్ట్‌వర్త్ రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు, తర్వాత గ్లెన్ గార్డెన్ క్లబ్‌లో క్యాడీగా బ్యాగులు మోశాడు. (ఆ క్లబ్ ఇప్పుడు లేదు, అక్కడ విస్కీ డిస్టిలరీ పెట్టారు. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.) అదే క్లబ్‌లో అదే వయసు క్యాడీ ఇంకొకడున్నాడు, బైరన్ నెల్సన్. 1927లో క్యాడీల పోటీలో ఇద్దరూ సమానమయ్యారు, ప్లేఆఫ్‌లో నెల్సన్ గెలిచాడు. హోగన్ పదిహేడేళ్ళకే, 1930లో ప్రొఫెషనల్ అయ్యాడు. నెల్సన్ 1937లో మాస్టర్స్ లాంటి పెద్ద టోర్నమెంట్ కూడా గెలిచేశాడు, ఇతనికేమో ఇంకా తిండికీ పెట్రోలుకీ కటకటే. ఒకటికి రెండుసార్లు టూర్ (ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడటం) వదిలి ఇంటికొచ్చి దొరికిన పని చేసుకున్నాడు. నీ బ్యాచ్‌మేట్ టాప్ టెన్‌లో ఉన్నాడని రాశావే, దాని గురించి నేను చెప్పేది ఇంతే, ఇంకొకడి స్కోర్‌కార్డ్ నీ స్వింగ్‌ని బాగుచేయదు, ఆ పేజీ రోజూ తెరవడం మానెయ్.

ఇక డబ్బు. 1938 జనవరిలో ఓక్లాండ్‌లో భార్య వాలరీతో ఉన్నప్పుడు చేతిలో వంద డాలర్లు కూడా లేవు. అవి అయిపోతే ఇంటికే. అలాంటి పొద్దున లేచి చూస్తే కారు చక్రాలు ఎవరో ఎత్తుకుపోయారు. ఎలాగో కోర్సుకి చేరి ఆడి ప్రైజ్ మనీ తెచ్చుకున్నాడు, ఆ డబ్బుతో టూర్‌లో నిలిచాడు. ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. కానీ అదే ఏడాది ఆయన న్యూయార్క్ దగ్గర సెంచరీ క్లబ్‌లో ఉద్యోగానికి చేరాడు. ఆ తర్వాత పదేళ్ళపాటు హర్షీ క్లబ్‌కి ప్రొఫెషనల్‌గా ఉన్నాడు. ఛాంపియన్ అయ్యాక కూడా క్లబ్ జీతం వదల్లేదు. కాబట్టి నీ దగ్గర్లో ఉన్న ప్రాక్టీస్ రేంజ్‌లో పొద్దున మూడు గంటలు పిల్లలకి నేర్పే పని ఉంటే వెళ్ళి అడుగు, అందులో నామోషీ ఏమీ లేదు. నెల ఖర్చు ఆ జీతంలోంచి, టోర్నమెంట్ ఖర్చు వేరే ఖాతాలోంచి. అమ్మ గాజులు ఇస్తానంటోందట, తీసుకోకు.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. హెన్రీ పికార్డ్ అని అప్పటికే పేరున్న ఆటగాడు, డబ్బు అయిపోతే నేనున్నాను, నువ్వు ఆడు అని హోగన్‌కి మాటిచ్చాడు. హోగన్ ఆ డబ్బు ఎప్పుడూ తీసుకోలేదు. మాట ఒకటి వెనకాల ఉందన్న ధైర్యంతోనే పట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) కొట్టేటప్పుడు చెయ్యి వణకడం తగ్గుతుంది. నీకు ఆ మాట నేనిస్తున్నాను. ఏడాదికి ఆరు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజు నాది, అడగాల్సిన రోజు వస్తే సిగ్గుపడకుండా అడుగు.

ఆరే ఎందుకంటావా? నువ్వు దొరికిన ప్రతిదీ ఆడుతున్నావు, సోమవారం ప్రయాణం, మంగళవారం నిద్ర, బుధవారం హడావిడి. హోగన్ 1953లో ఆడినవే ఆరు, గెలిచినవి ఐదు. మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఆ ఏడాదివే. ఆ బ్రిటిష్ ఓపెన్ జరిగిన స్కాట్లండ్‌లోని కర్నూస్టీకి దాదాపు రెండు వారాల ముందే వెళ్ళాడు, ఎందుకంటే అక్కడ వాడే బంతి అమెరికా బంతికంటే కాస్త చిన్నది, నేల గట్టిది, గాలి వేరు. సాయంత్రాలు గుంట ఉండే గ్రీన్ దగ్గర మొదలుపెట్టి, మొదటి దెబ్బ కొట్టే టీ వైపు వెనక్కి నడుస్తూ కోర్సు చూసుకునేవాడు. నాలుగు రౌండ్లూ 73, 71, 70, 68, రౌండు రౌండుకీ తగ్గుతూ, అంటే మెరుగవుతూ వచ్చాయి. నువ్వు వచ్చే టోర్నమెంట్‌కి నాలుగు రోజుల ముందు వెళ్ళి ఒకసారైనా అలా వెనక్కి నడిచి చూడు, టీ మీద నుంచి కనపడనివి చాలా కనపడతాయి.

కోచ్‌ని మార్చే విషయం. హోగన్‌కి ఉన్న పెద్ద జబ్బు హుక్, టెన్షన్ పెరిగితే బంతి ఎడమకి వంకర తిరిగి పొదల్లోకి. ఏళ్ళ తరబడి ఆ ఒక్కదాని మీదే కూర్చున్నాడు, పికార్డ్ సలహాతో ఎడమ చేతి పట్టు మార్చాడు, క్యాడీని దూరంగా నిలబెట్టి బంతి అతని దగ్గరే పడేదాకా గంటల కొద్దీ కొట్టాడు. ఒంటరిగా మొదటి గెలుపు 1940 మార్చిలో, పైన్‌హర్స్ట్‌లో, అంటే సరిగ్గా పదేళ్ళకి. వెంటనే వరసగా ఇంకో రెండు. నువ్వు రెండేళ్ళలో ముగ్గురు కోచ్‌లని, నాలుగు డ్రైవర్ క్లబ్బులని మార్చావు. నీ జబ్బు పేరేంటో నాకు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రాయలేదు. దూరం తక్కువా, వెడ్జ్‌తో కొట్టే దగ్గరి షాట్లా, మూడడుగుల పట్‌లా? ఆ పేరు తెలియకుండా కోచ్‌ని మారిస్తే వాళ్ళు కూడా చీకట్లో వెతకాల్సిందే.

ఓడిపోవడం నీకే కొత్త అనుకోకు. 1946లో హోగన్ మాస్టర్స్‌లోనూ యూఎస్ ఓపెన్‌లోనూ చివరి గ్రీన్ మీద మూడేసి పట్‌లు కొట్టి పోగొట్టుకున్నాడు, అదే ఆగస్టులో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, అది ఆయన మొదటి మేజర్, అంటే నాలుగు అతిపెద్ద టోర్నమెంట్లలో ఒకటి. 1949 ఫిబ్రవరిలో టెక్సస్‌లోనే వాన్ హార్న్ దగ్గర బస్సు వచ్చి కారుని గుద్దితే వాలరీని కాపాడ్డానికి ఆమె మీదకి అడ్డంగా పడ్డాడు, స్టీరింగ్ రాడ్ తను కూర్చున్న సీట్లోంచి దూసుకెళ్ళింది. కటి ఎముక, కాలర్‌బోన్, చీలమండ విరిగాయి, రక్తం గడ్డలు కడితే పెద్ద సిర కట్టేయాల్సొచ్చింది. పదహారు నెలలకి మెరియన్ కోర్సులో కాళ్ళకి బ్యాండేజీలు చుట్టుకుని శనివారం ఒకే రోజు 36 హోల్స్ నడిచి, మర్నాడు ప్లేఆఫ్‌లో 69 కొట్టి యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. ఆ శనివారం చివరి హోల్‌లో వన్ ఐరన్ అనే క్లబ్‌తో కొట్టిన షాట్ ఫొటో నీ గదిలో ఉందిగా, దాని వెనక ఆ కాళ్ళున్నాయని గుర్తుంచుకో.

కోచ్‌కి ఇప్పుడే ఏమీ చెప్పకు. నీ ఆఖరి పది రౌండ్ల స్కోర్‌కార్డులు తీసి ప్రతి రౌండ్‌కీ బంతి ఎన్ని ఫెయిర్‌వేల (మధ్యలోని చదును గడ్డి) మీద పడింది, ఎన్ని గ్రీన్లు అందాయి, ఎన్ని పట్‌లు పట్టాయి, ఏ దూరం నుంచి తప్పావు అని కాగితం మీద రాయి. శనివారం మీకు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను, ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చో. అమ్మకి నేను రేపు చేస్తాను.

మీ మామయ్య