100 వాట్ల వర్క్‌లైట్ ముప్పావు గంటకే మసకబారితే

పెట్టె మీద 100 వాట్లని ఉన్నా మీ ఛార్జింగ్ ఎల్‌ఈడీ లైటు ముప్పావు గంటకే మసకబారుతోందన్నారు. లైటు పాడవలేదండీ, ఆ 100 అంకే నమ్మదగ్గది కాదు. లోపల 2000 ఎంఏహెచ్ (అంటే 2 ఆంపియర్-అవర్లు) లిథియం సెల్ ఒక్కటే ఉందన్నారుగా. ఆ 2ను సెల్ వోల్టేజీ 3.7తో గుణిస్తే 7.4 వాట్-అవర్లు, అంటే 7.4 వాట్ల లైటు గంటసేపు వెలిగేంత. నిజంగా 100 వాట్లు లాగితే ఐదు నిమిషాలు కూడా వెలగదు. ముప్పావు గంట వస్తోందంటే అది సుమారు 10 వాట్ల లైటు. మోటారు విప్పడానికి, స్విచ్‌బోర్డు చూసుకోవడానికి చాలు, ఉంచుకోండి. కరెంటు పోయినప్పుడు తక్కువ వెలుగులో పెడితే ఇంకా ఎక్కువసేపు వస్తుంది. ఛార్జింగ్‌లో మాత్రం ఓసారి తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ప్లగ్ తీసేసి ఇక వాడకండి, నాకు అదొక్కటే టెన్షన్. ఈసారి కొంటే వాట్లు కాదు, ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) చూడండి. పాత 60 వాట్ల బల్బు దాదాపు 700 ల్యూమెన్లు ఇచ్చేది.