షేరు కొనే ముందు లీజు లెక్క వెయ్యి

ఆకివీడు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్ పెట్టేశాక చాలాసేపు నీ గురించే ఆలోచించాను. మూడేళ్లు ఉద్యోగం చేసి దాచిన నాలుగు లక్షలూ కరెంటు స్కూటర్లు చేసే ఓలా ఎలక్ట్రిక్ షేర్లలో పెడతానన్నావు. "157 దాకా వెళ్లిన షేరు 50 కిందికి వచ్చింది పిన్నీ, ఇంతకంటే చవగ్గా ఎప్పుడు దొరుకుతుంది?" అన్నావు. లెక్కలు ఫోన్లో చెబితే గాలికి పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇరవై రెండేళ్లుగా మన రొయ్యల చెరువుల లెక్కలు రాసేది నేనే కదా. సీడు, మేత, డీజిల్, కరెంటు, లీజు, పట్టుబడి రోజు ఏ కౌంట్ వచ్చింది (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి), ఏ రేటు పలికింది, అన్నీ నా పుస్తకాల్లోనే ఉంటాయి. షేర్లు కూడా పదేళ్లుగా కొద్దికొద్దిగా కొంటున్నాను. కంపెనీ రిపోర్టు చదవడం నాకు ఆ చెరువు పుస్తకాల వల్లే అలవాటైంది.

మనకి పెద్ద దెబ్బ తగిలిన ఏడాది నీకు గుర్తుందో లేదో, అప్పటికి నువ్వు ఇంటర్లో ఉన్నావు. అంతకుముందు ఏడాది రొయ్య రేటు బ్రహ్మాండంగా ఉంది. ఊళ్లో అందరూ చెరువుల కోసం ఎగబడ్డారు. మీ బాబాయి కూడా మామూలు లీజుకి దాదాపు రెట్టింపు కట్టి ఆరెకరాలు తీసుకున్నారు. తెగులు రాలేదు. రొయ్య చక్కగా పెరిగింది, కౌంట్ కూడా బాగా వచ్చింది. అయినా నష్టపోయాం. పోయిన ఏడాది రేటు ఎప్పటికీ అలాగే ఉంటుందనుకుని లీజు కట్టాం, అదే మమ్మల్ని ముంచింది. పంట బాగుండటం వేరు, ఆ పంట కోసం మనం ముందే కట్టిన ధర వేరు. నీ షేరు విషయంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. మీ నాన్న కరెంటు స్కూటర్ బాగా నడుస్తోందని నువ్వు అంటే నేను కాదనను. బండి బాగుంటే షేరు ఏ ధరకైనా బాగున్నట్టేనని మాత్రం అనుకోకు.

ముందు లీజు లెక్క వేద్దాం. ఒక్క షేరు ధర చూస్తే ఏమీ తెలియదు. ఆ ధరని మొత్తం షేర్లతో గుణించు. ఓలా ఎలక్ట్రిక్‌కి షేర్లు సుమారు 441 కోట్లు. 2024 ఆగస్టులో 76 రూపాయలకి ఐపీఓ (జనానికి మొదటిసారి షేర్లు అమ్మడం) వచ్చినప్పుడు కంపెనీ మొత్తం విలువ దాదాపు 33,500 కోట్లు. అదే నెలలో 157 దాటినప్పుడు 69,000 కోట్లు. మరి అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో, అంటే 2023-24లో, కంపెనీ ఆదాయం 5,010 కోట్లు, నష్టం 1,584 కోట్లు. అంటే శిఖరం మీద కొన్నవాళ్లు ఆదాయానికి పద్నాలుగు రెట్ల దగ్గర ధర కట్టారు, అదీ నష్టాల్లో ఉన్న కంపెనీకి. పక్కనే హీరో మోటోకార్ప్‌ని పెట్టి చూడు. అదే ఏడాది ఆదాయం 37,456 కోట్లు, లాభం 3,968 కోట్లు. అప్పట్లో దాని మొత్తం విలువ లక్ష కోట్ల పైచిలుకు, అంటే ఆదాయానికి మూడు రెట్ల లోపే.

ఇప్పుడు నువ్వంటున్న 50 రూపాయల దగ్గర అదే లెక్క వేసి చూడు. 441 కోట్ల షేర్లు అంటే 22,000 కోట్లు. 2024-25 ఆదాయం 4,514 కోట్లు. ఇంకా దాదాపు అయిదు రెట్లు! అప్పటి హీరో కంటే ఇదే ఖరీదు. 157 నుంచి పడింది కాబట్టి చవక అనుకోవడం, లీజు పోయిన ఏడాదికంటే తగ్గింది కదా అని ఉప్పు తేలిన చెరువు తీసుకోవడం లాంటిది.

2024-25 లెక్కల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి ఉంది. అంతకుముందు ఏడాది సుమారు 3.3 లక్షల బళ్లు ఇస్తే, ఆ ఏడాది 3.59 లక్షలు ఇచ్చారు. బళ్లు పెరిగాయి, ఆదాయం తగ్గింది, నష్టం 2,276 కోట్లకి పెరిగింది. భాగించి చూడు. బండికి 48,000 దగ్గరున్న నష్టం 63,000 దాటింది. చవక మోడళ్ల వాటా పెరిగింది, పోటీలో ధరలు దిగాయి. ఎక్కువ పట్టుబడి వచ్చిన ఏడాదే ఎక్కువ అప్పు మిగిలితే ఆ చెరువు గురించి మీ బాబాయి ఏమంటారో నీకు తెలుసు. పైగా 2025లో టీవీఎస్, బజాజ్ నెలవారీ రిజిస్ట్రేషన్లలో ఓలాని దాటాయి. వాళ్లకి పెట్రోల్ బళ్ల లాభం వెనకాల ఉంది, కరెంటు బళ్ల మీద కొన్నాళ్లు నష్టపోయినా తట్టుకుంటారు. ఓలాకి ఆ దన్ను లేదు.

సబ్సిడీ సంగతి కూడా తప్పకుండా చూడు. కరెంటు బళ్లకి కేంద్రం ఇచ్చిన ఫేమ్ పథకం రెండో దశలో, బ్యాటరీ సామర్థ్యం ఒక్కో కిలోవాట్ అవర్‌కి 15,000 ఇచ్చేవారు. 2023 జూన్ నుంచి 10,000 చేశారు. ఆ పథకం 2024 మార్చితో అయిపోయింది, తర్వాత వచ్చిన పథకంలో అది 5,000కి దిగింది. ఆ తగ్గిన డబ్బు కొనేవాడైనా పెట్టుకోవాలి, కంపెనీ అయినా మింగాలి. అమెరికాలో టెస్లా కథ కూడా చదివాను. 2020లో దానికి మొదటిసారి ఏడాది మొత్తానికి లాభం వచ్చింది, 72 కోట్ల డాలర్లు. ఆ ఏడాదే వేరే కార్ల కంపెనీలకి కాలుష్య క్రెడిట్లు (కాలుష్య పరిమితి అందుకోలేని కంపెనీలు కొనుక్కునేవి) అమ్మి 158 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ క్రెడిట్ల డబ్బు తీసేస్తే నష్టమే. తర్వాత కార్ల మీదే బాగా సంపాదించింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అక్కడ కూడా కొనేవాళ్లకి ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. ప్రభుత్వం చేతిలో ఉన్న డబ్బుని లాభంలో శాశ్వతంగా లెక్క వేసుకోకూడదు తల్లీ.

లాభనష్టాల పేజీ దగ్గర ఆగిపోకు. క్యాష్ ఫ్లో పేజీకి వెళ్లు. వ్యాపారం నడపడం వల్ల ఏడాదిలో చేతికి డబ్బు వచ్చిందా, పోయిందా చూడు. పోయి ఉంటే, ఫ్యాక్టరీకి, బ్యాటరీ సెల్స్‌కి ఎంత పెట్టారో కూడా దానికి కలుపు. చేతిలో ఉన్న నగదుని ఆ మొత్తంతో భాగిస్తే ఎన్నేళ్లు ఆగగలదో తెలుస్తుంది. మేత షాపులో అరువు ఎన్ని రోజులు దొరుకుతుందో నేను చూసేది అందుకే. డబ్బు చాలకపోతే కొత్త షేర్లు ఇస్తారు, అప్పుడు నీ వాటా పల్చబడుతుంది. వారంటీ కోసం పక్కన పెట్టిన మొత్తం ఏటేటా ఎలా మారుతోందో కూడా చూడు. అమ్మకాలు నిజంగా ఎలా ఉన్నాయో బళ్ల రిజిస్ట్రేషన్లు చూపించే ప్రభుత్వ వాహన్ పోర్టల్లో నెలనెలా కనబడుతుంది, ప్రకటనలు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు.

కంపెనీ బాగుపడదని నేను అనట్లేదు. బండికి వచ్చే నష్టం రెండు మూడు త్రైమాసికాలు వరసగా తగ్గుతూ, చేతి నుంచి పోయే నగదు ఆగితే, అప్పుడు 60 పెట్టి కొన్నా నాకు భయం ఉండదు. అంతగా మనసు లాగితే ఇప్పుడు ఒక నలభై వేలు పెట్టు. మిగతా మూడు లక్షల అరవై వేలు ముట్టుకోకు. అప్పు చేసి మాత్రం కొననని నాకు మాటివ్వు.

వార్షిక నివేదిక ఎన్‌ఎస్‌ఈ (షేర్ల ఎక్స్ఛేంజి) సైట్లో ఉంటుంది. అందులో చేతిలో నగదు ఎంత, అప్పు ఎంత, ఏడాదిలో కార్యకలాపాల నుంచి పోయిన డబ్బు ఎంత, ఈ మూడు అంకెలూ నువ్వే వెతికి ఆదివారం లోపు నాకు పంపు. నేను చెప్పేస్తే నీకు గుర్తుండదు. అవి వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

నీ పిన్ని