‘ఆ పిల్లల దగ్గర పనేంటి?’ అంటోంది అమ్మ

సమస్య: నాకు 24 ఏళ్లు. డిగ్రీ అయ్యాక మా ఊళ్లో ఓ ప్రైవేట్ స్కూల్లో ఆటిజం ఉన్న ఏడేళ్ల బాబుకి, క్లాసులో పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్‌గా చేరాను. నెల తిరక్కముందే వాడు నా చెయ్యి కొరికాడు. అమ్మ చూసి ‘ఆ పిల్లల దగ్గర పనేంటి, రేపు సంబంధాలెలా వస్తాయి, మానెయ్’ అంటోంది. నాకేమో ఈ పని ఇష్టం. పదిహేను రోజుల ఆన్‌లైన్ ట్రైనింగ్‌తో స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్) సర్టిఫికెట్ ఇస్తామని ఒకరు పన్నెండు వేలు అడుగుతున్నారు. చేరమంటారా?
– ఓ సోదరి, తణుకు

జవాబు: ముందు డబ్బు సంగతి. కట్టకండి. పదిహేను రోజుల్లో ఎవరూ స్పెషల్ ఎడ్యుకేటర్ అయిపోరు. 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు పాసై, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. అలాగని చిన్న ట్రైనింగ్‌లన్నీ దండగ అనను. పిల్లల్ని ఎలా గమనించాలో నేర్పేవి ఉన్నాయి.

అలాంటి చోట మొదట నోటుబుక్కు పెట్టమంటారు. గొడవైన ప్రతిసారీ మూడు ముక్కలు రాయాలి: అంతకుముందు ఏం జరిగింది, పిల్లాడేం చేశాడు, వెంటనే మనమేం చేశాం. బాబు కొరికింది బెల్లు మోగినప్పుడా? చేతిలో పుస్తకం లాక్కున్నప్పుడా? కొరకగానే క్లాసు బయటికి తీసుకెళ్లారా? అలాగైతే, కొరికితే ఈ గోలలోంచి బయటపడొచ్చని వాడికి అర్థమైపోయి ఉండొచ్చు. ఓ రెండు వారాలు రాసి చూడండి. బెల్లే కారణమనిపిస్తే, అది మోగకముందే ఇంటర్వెల్ బొమ్మ ఉన్న కార్డు చూపించి బయటికి నడిపించండి. అన్నట్టు, చర్మం చిట్లి ఉంటే డాక్టరుకి చూపించుకోండి, అమ్మ కోసమైనా.

పనులు నేర్పడంలోనూ ఒక కిటుకు ఉంది. చొక్కా గుండీని మీరే కాజాలో సగం దూర్చి, మిగతా సగం వాణ్ని లాగనివ్వండి. పూర్తి చేసింది తానేనన్న సంతోషం వాడిది. అది వచ్చాక దూర్చడం కూడా వాడికే వదిలేయండి. ఇళ్లల్లో టైమైపోతోందంటూ గుండీలన్నీ మనమే పెట్టేస్తాం, ‘వీడికి ఏదీ రాదు’ అని మళ్లీ మనమే అంటాం!

పెద్ద కోర్సు గురించి ఆలోచించే ముందు దగ్గర్లోని భవిత కేంద్రానికి వెళ్లండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడిచే కేంద్రాలివి. అక్కడి టీచర్‌ని అడిగి కొన్నాళ్లు పక్కన కూర్చుని చూడండి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో కోర్సుల వివరాలు కనుక్కోండి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది.

ఇక అమ్మగారు. ఆవిడ దిగులంతా నలుగురూ ఏమనుకుంటారోనని. ఆటిజం గురించి ఇంట్లో ఎంత వాదించినా అది పోదు. టీచర్‌ని అడిగి ఆవిడనీ ఒకరోజు ఆ కేంద్రానికి తీసుకెళ్లండి. పిల్లల్ని తీసుకొచ్చే తల్లులతో ఆవిడే మాట కలుపుతారు. మీరు పక్కన నిలబడి వివరించబోకండి.

సంబంధాల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. ‘అమ్మాయి టీచరు’ అని పైపైన చెప్పనివ్వకండి. ఏ పిల్లలతో ఏం పని చేస్తున్నారో, పెళ్లయ్యాక కూడా చేయాలనుకుంటున్నారని పెళ్లిచూపులకు ముందే మధ్యవర్తి చేత చెప్పించండి. కాదనేవాళ్లు అక్కడే ఆగిపోతారు.