ఎర్రపెన్ను మూత పెట్టు

నెల్లూరు

అమ్మాయ్,

కందుకూరు నుంచి నువ్వు పంపిన కట్ట అందింది. సారా ఉద్యమం మీద మీ మాస్టారు రాసిన పుస్తకం, దాని మీద నీ దిద్దుబాట్లు. ఒత్తులు, దీర్ఘాలు ఒక్కటీ వదల్లేదు. బాగుంది. కానీ చదువుతుంటే నాకు ఒళ్లు మండింది.

ఉద్యమం మొదలుపెట్టిన దూబగుంట ఊరి ఆడవాళ్లు ఆ పుస్తకంలోకి వచ్చేది 52వ పేజీలో. అప్పటిదాకా మాస్టారి తాతగారి సేద్యం, హైస్కూలు జ్ఞాపకాలు, తాగుడు గురించి శాస్త్రాలు ఏమన్నాయో! నువ్వేమో ఆ 51 పేజీల్లో శ, ష లు ఏరుకుంటూ కూర్చున్నావు. చదివేవాడు పదో పేజీలోనే లేచిపోతాడే!

70వ పేజీలో '1992 లో మద్య నిషేధం వచ్చింది' అని ఉంది. నువ్వు 'మద్యనిషేధం' అని కలిపి, ముందుకు పోయావు. 1992 మన జిల్లా ఆడవాళ్లు దుకాణాలు మూయించి, సారా వేలంపాటలు అడ్డుకున్న సంవత్సరం. రాష్ట్రమంతా సారా ఆగింది 1993 అక్టోబరులో. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో. 1997 లో అదీ సడలించారు. సారా పోయాక కూడా బ్రాందీ షాపు ఎలా నిలిచింది? ఈ ప్రశ్నలో ఇంకో అధ్యాయం ఉంది. మాస్టారిని అడగాల్సింది అది.

కాబట్టి ఎర్రపెన్ను మూత పెట్టు. ఒక్కో అధ్యాయం చదివి, కాగితాలు బోర్లించి, అందులో ఏముందో నీ మాటల్లో ఒక్క వాక్యం చీటీ మీద రాయి. వాక్యం రాలేదంటే అక్కడ విషయం లేదు. రెండు చీటీలు ఒకేలా ఉంటే అవి రెండు అధ్యాయాలు కావు. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే.

రిటైరైన ఇంజినీరు ఒకాయన పెన్నా కాలవల మీద రాసిన పుస్తకానికి మొదటిసారి ఇలా చేశాను. మే నెల. చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపి, వరండాలో పరిచి, మీద చింతపండు ఉండలు పెట్టాను. మీ పిన్ని ఆ తిట్లు ఇప్పటికీ ఆపలేదు. పదకొండో అధ్యాయం తెచ్చి మొదట పెడితే ఆయన మూడు వారాలు మాట్లాడలేదు. తర్వాత ఓ సాయంత్రం మలైకాజా పొట్లంతో వచ్చి, "పదకొండు సరే, నాలుగోది మాత్రం ఎక్కడున్నది అక్కడే పెట్టు" అన్నాడు. ఆయన మాటే నిజమైంది.

ఏం మార్చినా రాసినవాళ్లని అడిగి మార్చాలి. నా చిన్నప్పుడు ఒక వారపత్రిక ఎడిటర్ పులికాట్ జాలర్ల మీద నా వ్యాసాన్ని పేజీ నిండిన చోట తెగ్గొట్టాడు. అసలు సంగతి చివరి పేరాలో ఉంది! ఇప్పటివాళ్లది ఇంకో రకం పిచ్చి, ప్రతి అధ్యాయమూ వానతో మొదలవ్వాలట. నెల్లూరులో అన్ని వానలు ఎక్కడివి?

నువ్వూ తక్కువ తినలేదు. మాస్టారి పుస్తకంలో ఆ ముసలమ్మ 'యాడ పోయి చెప్పుకోవాల' అంటే 'ఎవరితో మొరపెట్టుకోవాలి' అని దిద్దావు. వెంటనే ఆమె మాట ఆమెకిచ్చెయ్.

ఎడిటింగ్ కోర్సులు, పేజీకి రేటు అడిగావు. తర్వాత చూద్దాం. దిద్దిన కాపీ మాస్టారికి ఇంకా చూపించకు. ఆదివారం కావలి వస్తున్నాను, చీటీలు బస్టాండుకు తీసుకురా.

మీ బాబాయి