ఎంబీబీఎస్ మానేసి జాజ్ పియానో అంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ మూడో ఏడాది. చిన్నప్పటి నుంచి కీబోర్డు వాయిస్తాడు. ఇప్పుడు చదువు మానేసి జాజ్ పియానో నేర్చుకుంటానని, సినిమాలకు సంగీతం చేస్తానని పట్టుబడుతున్నాడు. కొమెడా అనే ఆయన డాక్టరు పని వదిలేసి అలాగే పైకొచ్చాడట. మాకు కంటి మీద కునుకు లేదు. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది నిజమే. కాకపోతే కథ సగమే చెప్పాడు.

క్షిష్టోఫ్ కొమెడా 1931లో పోలండ్‌లోని పోజ్నాన్‌లో పుట్టాడు. మెడిసిన్ మధ్యలో మానలేదు. పూర్తి చేసి, చెవి ముక్కు గొంతు డాక్టరుగా పనిచేస్తూనే పియానో వాయించాడు. కమ్యూనిస్టు ప్రభుత్వానికి అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం అంటే గిట్టని రోజులవి. ఆసుపత్రిలో తెలియకూడదని పెట్టుకున్న మారుపేరే 'కొమెడా'. 1956లో సోపోట్ జాజ్ ఉత్సవంతో పేరొచ్చింది. ఆ తర్వాతే సంగీతం పూర్తిస్థాయి వృత్తి అయింది.

నాకు ముఖ్యమనిపించేది 1958 నాటి సంగతి. పోలండ్‌లోనే వూచ్ నగరంలోని ఫిల్మ్ స్కూల్లో చదువుతున్న రోమన్ పొలాన్‌స్కీ 'టూ మెన్ అండ్ ఎ వార్డ్‌రోబ్' అనే పొట్టి సినిమా తీశాడు. అందులో మాటలు దాదాపు లేవు. ఇద్దరు మనుషులు ఒక బీరువాను మోసుకుంటూ ఊరంతా తిరుగుతారు. భారమంతా సంగీతం మీదే. ఆ సంగీతం కొమెడాది. పదేళ్ల తర్వాత అదే దర్శకుడు 'రోజ్‌మేరీస్ బేబీ'కి ఆయన్ను హాలీవుడ్‌కు పిలిచాడు. 1969లో, తలకు తగిలిన దెబ్బతో, కొమెడా 37 ఏళ్లకే పోయాడు పాపం.

మీ అబ్బాయికీ నేను చెప్పేది అదే. హైదరాబాద్‌లో షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్లకు కొదవ లేదు. సెలవుల్లో ఒకదానికి నేపథ్య సంగీతం చేసిమ్మనండి. డబ్బులు రాకపోవచ్చు. చెప్పిన తేదీకి ఇవ్వగలడా? దర్శకుడు 'ఇక్కడ అసలు సంగీతమే వద్దు, తీసెయ్' అంటే అలగకుండా తీసేయగలడా? సినిమా పనంటే చాలావరకు ఇదే. జాజ్ కూడా గదిలో ఒంటరిగా కూర్చుంటే రాదు. డ్రమ్స్, బేస్ వాయించేవాళ్లతో కలిసి వాయించాలి. హౌస్ సర్జన్సీ అయ్యాక కూడా ఇదే మాట మీద ఉంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట చేరొచ్చు. అప్పుడు మీరు అడ్డుపడొద్దు. ఈలోపు మార్కుల కోసమని కీబోర్డు దాచేయకండి, పంతం పెరుగుతుంది.

ఇంకో మాట. మూడో ఏడాదిలో ఉన్నట్టుండి 'మానేస్తా' అనే పిల్లల్లో కొందరికి సప్లీలు ఉంటాయి, ఇంట్లో చెప్పరు. ముందు అది కనుక్కోండి. కోప్పడకుండా, మీరొక్కరే అడగండి.